ప్రాణులకు గాజు నిషేధం

సృష్టిలో మనిషికి తప్ప మరే ప్రాణికీ గాజు తయారుచేసే శక్తి లేదనీ, ఇకముందు కూడా రాబోదనీ పుదుచ్చేరి దగ్గర మూలకుళం తెలుగు అభ్యుదయ సంఘం 2006లో ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం తెలుగులోనే ఉంది, తమిళ లిపిలో. సంఘంలో తెలుగు చదవగలవాళ్ళు లేరు మరి. ప్రాణుల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇంతకూ కారణం తొమ్మిదో తరగతి కవిప్రియ. సంఘం వారి విజ్ఞాన ప్రదర్శనకు 'జంతువులు గాజు తయారుచేసేలా పరిణామం చెందగలవా?' అని చార్టు గీసి, కింద 'ఎప్పుడో చెందాయి' అని రాసింది. అధ్యక్షుడు నరేంద్రన్ దాన్ని గోడమీంచి తీయించేశాడు. పిల్ల అన్నం మానేసింది.

ఆమె తాత రంగరాజన్ జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. భార్య అంబుజం పోయినప్పటినుంచి ఎవరితోనూ వాదించడం లేదు. వాదనలో ఆమె అంతటివాళ్ళు దొరకలేదు. అయినా మనవరాలిని వెంటబెట్టుకుని నరేంద్రన్ ఇంటికి వెళ్ళాడు.

"అద్దాల కొట్టు పెట్టుకున్నోణ్ణి, గాజంటే నాకు తెలీదా మామా?" అన్నాడు నరేంద్రన్. "కొలిమి లేకుండా గాజు యాడ వస్తాది?"

"సముద్రం అడుగున స్పంజి అని ఒక ప్రాణి ఉండాది నరేంద్రా. నీళ్ళల్లో కరిగిన ఇసుక సారం పీల్చి, చల్లగానే గాజు దారాలు అల్లుకుంటాది."

"శెరి, శెరి. ముందు ఇది చూడండి."

పుదుచ్చేరిలో అతిథికి కాఫీకన్నా ముందు ఫ్రాన్సు సామాను చూపించడం మర్యాద. నరేంద్రన్ పూజగదిలోంచి మూరెడు తెల్లటి బుట్టను రెండు చేతులా పట్టుకొచ్చాడు. సన్నని గాజుదారాల వల.

"ఫ్రెంచి పౌరసత్వం ఉండే మా పెదనాయన కొడుకు పారిస్ నుంచి పంపినాడు. చేత్తో అల్లింది. శుద్ధ శాకాహారం ఇల్లు కదా, దేవుడి పక్కనే పెట్టుకున్నాం."

కవిప్రియ వంగి చూసింది. "తాతా, లోపల రొయ్యలుండాయి. రెండు."

ఎండిన జంట. పిల్లలుగా ఆ గూట్లో దూరి, పెరిగి, బయటికి రాలేక అక్కడే కాపురం చేసినవి. ఒకటి పోయి ఇంకొకటి మిగల్లేదు కదా అని రంగరాజన్‌కు హాయిగా అనిపించింది.

"ఏంది మామా, అట్ల చూస్తా ఉండారు?"

"నేను చెప్పిన ప్రాణి ఇదే నాయనా. దీని అస్థిపంజరం."

కాఫీ తెస్తున్న నరేంద్రన్ భార్య జనని వంటింటి గుమ్మంలోనే గ్లాసులు కింద పెట్టేసింది. "అయితే ప్రతి శుక్రవారం నేను హారతి పట్టింది చచ్చిన జంతువుకా?"

"రొయ్యలకు కూడా అత్తా," అంది కవిప్రియ.

మర్నాడు చార్టు ప్రదర్శనశాలలో మొదటి గోడకు ఎక్కింది. పక్కనే బల్లమీద బుట్ట. నరేంద్రన్ మైకు అందుకున్నాడు.

"గాజు అల్లే ప్రాణులు ఉండాయని మా ఇంట్లోనే రుజువైంది. అయితే ఒక్క మాట. మన సముద్రంలో వెతకబాకండి. ఇవి ఫ్రెంచి పౌరసత్వం ఉండే ప్రాణులు."