మడత యంత్రానికి ముసుగు

సోమవారం పొద్దున్నే అల్లుడి దగ్గర ఒక పథకం సిద్ధంగా ఉంది. అతను మామగారి లాండ్రీకి మేనేజరు. అక్కడ దుప్పట్లు మడిచే కొత్త యంత్రం దిగింది. మడత బల్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు పెద్ద దిక్కు పెద్దక్క. "దాన్ని మేం ముట్టుకోం" అని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. "శనివారానికి అది తిరగకపోతే మీ కుర్చీలో మావాణ్ణి కూర్చోబెడతా అల్లుడుగారూ" అన్నారు మామగారు. మావాడంటే బావమరిది. అతగాడు అప్పుడే కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచూసుకుంటున్నాడు.

అల్లుడు ఈమధ్యే మార్పు గురించి, మెదడు గురించి శిక్షణకు వెళ్ళొచ్చాడు. మెదడు కంటికి కొత్తదేదైనా పులే. మీదికి తోలితే జడుసుకుంటుంది. మెల్లగా అలవాటు చేయాలి. అందుకని యంత్రానికి ఒక మాసిన దుప్పటి కప్పి మూలన పెట్టించాడు. రోజూ బల్ల వైపు మూరెడు జరిపించి, ఆఖరున ముసుగు తీయాలని అతని ఎత్తు.

ఎత్తు బాగానే ఉంది. కానీ అది లాండ్రీ. మరకపడ్డ బట్ట కనబడితే అక్కడివాళ్ళ చేతులు ఊరుకోవు. తనిఖీకొచ్చిన ఆఫీసరు కోటు ఒంటిమీంచే ఉతుక్కి పోయిందని చెప్పుకుంటారు. ముసుగు గంటలో మాయం! ఇంకోటి కప్పాడు. అదీ ఉతికి ఆరేశారు. మూడోదానికి తాళ్ళు బిగించాడు. తాళ్ళు చూడగానే పెద్దక్కకు అనుమానం పుట్టింది.

"ఇంత భద్రంగా దాస్తున్నాడంటే అది మనకు కాదే! ఇస్త్రీవాళ్ళకు ఇస్తున్నాడు."

"రోజూ జరుగుతోంది కూడా అక్కా, మన బల్ల వెనకున్న వాళ్ళ గది వైపే!"

"మడతలు మనవి, మిషను వాళ్ళదా? గాజులు తొడుక్కున్నంత మాత్రాన ఊరుకుంటామా? పదండే!"

శుక్రవారం మడత బల్ల మొత్తం ఆఫీసు గదిలోకి దూసుకొచ్చింది. అల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. పులి లేచింది!

"కోప్పడకు పెద్దక్కా! దాన్ని ఇప్పుడే వెనక్కి పంపించేస్తా!"

"వెనక్కా? మా మిషను మీద చెయ్యేసి చూడండి!"

"ముట్టుకోం అన్నది మీరేగా?"

"అడిగారా మీరు? 'తెచ్చా, కానివ్వండి' అన్నారు. ఎక్కడ పెట్టాలి, ముందు ఎవరు తిప్పాలి అని ఒక్క మాటైనా అడిగారా?"

అడగలేదు. శిక్షణలో ఆ పాఠం భోజనాల తర్వాత చెప్పారు. అల్లుడు కునుకు తీశాడు.

"పోనీ, ఇప్పుడు అడుగుతున్నా. ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"కిటికీ పక్కన" అంది పెద్దక్క. మరుక్షణం అందరూ కలిసి దాన్ని అక్కడికి నెట్టుకుపోయారు. సాయంత్రానికి మీట నొక్కడానికి వరసలో నిలబడి కొట్లాడుకుంటున్నారు.

శనివారం మామగారు కొడుకుతో సహా వచ్చేసరికి యంత్రం దుప్పట్లను మడిచి కొండలు పేరుస్తోంది. దాని ఊపు ఎంతంటే, దగ్గరికెళ్ళిన బావమరిది వెంట్రుకవాసిలో మడతపడకుండా తప్పించుకున్నాడు. మామగారు ముచ్చటపడి చెయ్యి చాచారు.

"చేతులు కడుక్కుని ముట్టుకోండయ్యా!" కసిరింది పెద్దక్క.

"ఏం మంత్రం వేశారు అల్లుడుగారూ?"

"మంత్రం కాదు మామగారూ, మెదడు శాస్త్రం. మనం తోలితే పులి, వాళ్ళు తెచ్చుకుంటే పిల్లి."

"శభాష్! మెదడంటే మీదండీ!" అంటూ మామగారు పదిమందిలో భుజం తట్టారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో, అల్లుడికి ఆ అవయవం ఉన్నట్టు అత్తవారి తరఫున వెలువడిన మొదటి ప్రకటన అది.