అక్క 'ఊఁ' అనని రోజు

ఆ రోజు అక్క సైటుకి వెళ్ళకూడదని పంతం పట్టింది. సాయంత్రం దాకా ఇంట్లోనే, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇరవై ఏళ్ళుగా భవనాలు కట్టిస్తున్న మనిషికి చేతులు కట్టుకోవడం ఎంత కష్టమో తర్వాత తెలిసొచ్చింది గాని, పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు మాత్రం ఆవిడ మహా ఉషారుగా ఉంది.

అక్క అంటే ఏ ఒక్కరికో అక్క కాదు, ఆవిడ దగ్గర పనిచేసే వాళ్ళందరికీ అక్కే. వయసులో ఆవిడకంటే పెద్దవాడైన పెద్దమేస్త్రీ కూడా అక్కా అనే పిలుస్తాడు. ఆ లెక్కన, కుండీల్లో మొక్కలు పెంచుకుంటూ నోట్లో నాలుక లేనట్టుండే ఆవిడ భర్త అందరికీ బావగారు. ఆవిడ కంపెనీలో చట్టం ఒక్కటే. ఇటుక కదలాలన్నా, కాంక్రీటు పడాలన్నా ముందు అక్క వచ్చి చూడాలి, తట్టాలి, ఆ తర్వాత "ఊఁ" అనాలి. ఒకసారి ఆవిడ ఊఁ అనకముందే మెట్లు పోసేశారు. మెట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. అయినా పగలగొట్టించింది.

ఈ చట్టం మీదే ఆవిడ తమ్ముడు తిరగబడ్డాడు. కంపెనీ ఆఫీసు పని చూసే ఈ తమ్ముడు, నిర్మాణ వ్యాపారులకు మెళకువలు నేర్పే శిక్షణ ఏదో ఉందని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు తమ్ముడిలాగే వెళ్ళాడు గాని, వచ్చేటప్పుడు చంకలో లావుపాటి ఫైలుతో గురువై వచ్చాడు.

"అక్కా, యజమాని లేకపోతే ఒక్కరోజు కూడా నడవని వ్యాపారం వ్యాపారమే కాదట. ఉద్యోగమట."

"ఉద్యోగమే అనుకోరా. నీకేం నొప్పి?"

"రేపు నీకు జ్వరమొస్తే?"

"రాదు."

"వస్తేనో?"

"రాదంటున్నానా! నన్నడక్కుండా నాకు జ్వరమెలా వస్తుంది?"

మాటకు మాట పెరిగి పందెం దాకా వెళ్ళింది. మర్నాడు డాక్టరమ్మ ఆసుపత్రికి స్లాబు వేసే రోజు. "రేపు నేను రాను. నువ్వే నడుపు. పని నడిస్తే మేనేజరు కుర్చీ నీది. నడవకపోతే ఆ ఫైలు పట్టుకెళ్ళి సిమెంటు బస్తాల కింద వేసుకో" అంది అక్క.

"స్లాబు రోజా?" తమ్ముడు ఫైలు చంక మార్చుకున్నాడు. "డాక్టరమ్మ కూడా వస్తోంది కదక్కా!"

"ఏం, ఫైల్లో డాక్టరమ్మ లేదా?"

అంత ధీమాగా అనేసింది గాని, లోపల బెంగ లేకపోలేదు. ఆసుపత్రి రెండో బ్లాకు ఎవరికివ్వాలో డాక్టరమ్మ నెలరోజులుగా తేల్చడం లేదు. అది దొరికితే మేస్త్రీలందరికీ వచ్చే ఏడాది దాకా పని. దొరక్కపోతే వచ్చే నెల నుంచి తలోదారి చూసుకోవాల్సిందే. ఒక్కొక్కణ్ణీ ఏరి, తిట్టి, నేర్పి, తయారుచేసుకున్న మనుషులు వాళ్ళు. వాళ్ళు చెదిరిపోతారన్న ఊహే ఆవిడకు సహించదు. అయినా పొద్దు కాస్త ఎక్కేసరికి సైటు ఆగిపోతుందనీ, తమ్ముడు పరుగెత్తుకొస్తాడనీ, అప్పుడు తను తాపీగా వెళ్ళి ఒక్క ఊఁ తో అన్నీ చక్కబెట్టొచ్చనీ ఆవిడ లెక్క.

తమ్ముడు పొద్దున్నే సైటులో అందర్నీ నిలబెట్టి కొత్త నియమం చదివాడు. "ఇవాళ అక్కకి ఎవరూ ఫోను చెయ్యకూడదు. ఏ సందేహమున్నా కాగితం మీద రాసి ఆఫీసులో నాకివ్వండి." అందరూ బుద్ధిగా తలలూపారు. అతను రేకుల ఆఫీసులోకి వెళ్ళి, ఫ్యాను వేసుకుని, తలుపు మూసుకుని, గోడకు ఒక పెద్ద చార్టు అంటించుకోవడం మొదలుపెట్టాడు.

సైటుకి రెండు వీధులివతల, అక్క ఇంట్లో కూర్చుంది. కాసేపటికి లేచింది. పేపరు చదివింది. అందులో భవనాల ఫొటోలు చూసి వాటిని తిట్టింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, చెయ్యి ఊరుకోక, సింకు కింద టైలు ఒకటి తట్టింది. డొల్లగా మోగింది. అంతే! తను కట్టించిన ఇంట్లో డొల్ల టైలా? సుత్తీ ఉలీ తెచ్చి కొట్టింది. టైలు ఊడింది. రెండో దెబ్బకి వెనకాల పైపు పగిలి, నీళ్ళు సర్రున ఆవిడ మొహం మీదికి కొట్టాయి.

అక్క బెదరలేదు. కన్నంలోకి చెయ్యి దూర్చి, పైపు చిల్లు మీద బొటనవేలు అదిమింది. నీళ్ళు చాలావరకు ఆగాయి. చెయ్యి మార్చుకుందామని వెనక్కి లాగితే రాలేదు. చేతికున్న లావుపాటి కడియం గోడలోపలి ఇనపజాలీకి తగులుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, గట్టిగా లాగింది. ఊహూఁ. ఊళ్ళో అందర్నీ గడగడలాడించే మనిషి తన వంటింట్లో తన గోడకే దొరికిపోయింది.

"ఏమండీ!" అని కేకేసింది.

బావగారు నీళ్ళడబ్బాతో వచ్చి చూసి, "అయ్యో" అన్నారు. అంతకు మించి ఆయన ఏనాడూ ఏమీ అని ఎరగరు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ప్లంబరు ప్రత్యక్షమయ్యాడు. "అక్కా, ఆసుపత్రిలో డ్రైనేజీ పైపు వాలు మీరు చూడలేదు. ఫోను చెయ్యొద్దన్నారు కదా, అందుకని నడిచొచ్చా" అని, వంటింట్లో మడుగు చూసి నోరు వెళ్ళబెట్టాడు. "ముందు వాల్వు కట్టేద్దామక్కా."

ఆ ఇంటి వాల్వు మామూలు వాల్వు కాదు. అది కనిపిస్తే గోడ అందం చెడుతుందని, ఇల్లు కట్టేటప్పుడు అక్క దాన్ని గోడలో పెట్టించి పైన టైలు వేయించింది. వద్దక్కా అని అప్పుడు నసిగిన ప్లంబరు ఇతనే.

"గోడ నేను దగ్గరుండి కట్టించాను. వాల్వెక్కడుందో నాకు తెలీదా? కిటికీ కింద కొట్టు!"

"అక్కా, అదీ... పెరట్లో..." అంటూ ప్లంబరు బావగారి వైపు చూశాడు. బావగారు తన నీళ్ళడబ్బా వైపు చూసుకున్నారు.

"పెరడు సంగతి ఎవడడిగాడు? కొట్టమన్నానా!"

కిటికీ కింద కొట్టాడు. లేదు. ఈలోగా రాడ్లు కట్టే మేస్త్రీ, స్లాబు రాడ్లు అక్క చూడలేదని వచ్చి, ప్లంబరు తప్పుకొట్టాడంటూ ఉలి లాక్కుని తలుపు పక్కన కొట్టాడు. అక్కడా లేదు. వడ్రంగి వచ్చాడు. పెద్దమేస్త్రీ వచ్చాడు. ఆయన ఎంతకీ రాడేమని ఆయన మనుషులంతా వచ్చారు. ఎవరూ అక్కకి ఫోను చెయ్యలేదు. నియమం నియమమే మరి! వచ్చిన ప్రతివాడూ అక్క అవస్థ చూసి, అడగాల్సింది మరిచిపోయి పనిలో పడ్డాడు. కొందరు నీళ్ళు తోడారు, కొందరు గోడ కొట్టారు, కొందరు కొట్టేవాళ్ళకు సలహాలిచ్చారు.

పెద్దమేస్త్రీ మాత్రం కన్నం పక్కన ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. పెచ్చు కూడా రాలలేదు.

"చూశారా, ఎంత గట్టిగా కట్టించానో!" అంది అక్క గోడలో చెయ్యి ఉండగానే, ఒళ్ళంతా తడిసి ఉండగానే, మహా గర్వంగా.

అక్కడ సైటులో ఎంత ప్రశాంతంగా ఉందంటే, తమ్ముడికి కళ్ళు చెమర్చాయి. పొద్దుట్నుంచి ఒక్క కాగితం రాలేదు. ఒక్క కేక లేదు. వ్యవస్థ అంటే ఇదీ అనుకున్నాడు. డాక్టరమ్మ రాగానే ఎదురెళ్ళి కుర్చీ వేశాడు.

"చూశారా మేడమ్, అక్క ఉంటే ఇక్కడ మాట వినబడదు. ఇవాళ చూడండి, చీమ చిటుక్కుమంటే ఒట్టు."

"అవునండీ, మరీ చిటుక్కుమనడం లేదు" అంది డాక్టరమ్మ అనుమానంగా. "పైకెళ్ళి చూద్దామా?"

పైన రాడ్లున్నాయి, చెక్కలున్నాయి, ఒక మూల ఎవరివో చెప్పులున్నాయి. మనిషన్నవాడు లేడు. తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. అదే సమయానికి కాంక్రీటు కలిపిన లారీ డ్రమ్ము తిప్పుకుంటూ గేటు ముందు ఆగి హారను కొట్టింది. తొందరగా పొయ్యకపోతే కాంక్రీటు డ్రమ్ములోనే బిగుసుకుంటుంది. ఆపైన స్లాబు పోయినట్టే, రెండో బ్లాకూ పోయినట్టే. మనుషులెక్కడికి పోయి ఉంటారో ఊహించడానికి మాత్రం తమ్ముడికి ఫైలు అక్కర్లేకపోయింది. పరుగెత్తాడు. వెనకే డాక్టరమ్మ కూడా నడిచింది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరూ చూశారు. గోడలు మూడుచోట్ల పగిలి ఉన్నాయి. మడమలోతు నీళ్ళు. పాతికమంది మనుషులు. మధ్యలో, గోడలో చెయ్యి పెట్టి నేలమీద కూలబడి అక్క.

"అక్కా! లారీ వచ్చేసింది!" తమ్ముడికి ఏడుపొక్కటే తక్కువ.

డాక్టరమ్మను చూసి అక్క అంతా అయిపోయిందనుకుంది. సిగ్గుతో కళ్ళు మండాయి. అయినా తల మాత్రం దించలేదు. "రండి డాక్టరుగారూ, కూర్చోండి" అంది, కూర్చోవడానికి పొడిచోటే లేకపోయినా.

పెద్దమేస్త్రీ ముందుకొచ్చాడు. "అక్కా, మీరొక్కసారి వచ్చి చూసి ఊఁ అంటే మొదలుపెట్టేస్తాం."

"ఎలా రమ్మంటారు మేస్త్రీగారూ, గోడ పట్టుకుని రానా? రాడ్లు ఎలా కట్టారు?"

"మీరు చెప్పినట్టే."

"చెక్కలు తట్టి చూశారా?"

"పొద్దున్నే చూశానక్కా. అన్నీ గట్టిగానే ఉన్నాయి."

"అన్నీ చూసుకుని మళ్ళీ నన్నెందుకు చంపుతున్నారు?"

"మీరే కదక్కా అడగమన్నారు" అన్నాడు పెద్దమేస్త్రీ, పాపం, అమాయకంగా.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో ఆవిడకే తెలీలేదు. వీళ్ళకి అన్నీ తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ తన మూతివంక చూస్తూ నిలబడ్డారు. అలా నిలబెట్టింది మరెవరో కాదు. ఆ సంగతి మనసులో కలుక్కుమంది. బయట లారీ మళ్ళీ హారను కొట్టింది.

"అయితే వెళ్ళి పొయ్యండి! నేను ఊఁ అనను! ఇవాళ ఎవరికీ ఏ ఊఁ లేదు! మీ చేతుల మీద మీకు నమ్మకముంటే పొయ్యండి, లేకపోతే ఇక్కడే నా సింకు కింద కాపరముండండి. పదండి బయటికి, అందరూ!"

పెద్దమేస్త్రీ తలగుడ్డ బిగించి గుమ్మం దాటాడు. వెనకే అందరూ పరుగు. ఆఖరికి అక్క గోడ పగలగొడుతున్న ప్లంబరు కూడా పోయాడు. వాళ్ళ వెంట తమ్ముడూ, డాక్టరమ్మా.

ఇల్లు ఖాళీ అయిపోయింది. అక్క, బావగారు, నీళ్ళ చప్పుడు మిగిలారు. బావగారు మెల్లగా, "మరి నీళ్ళు ఆపెయ్యనా?" అన్నారు.

"ఎలా ఆపుతారండీ? వాల్వు దొరికితేగా!"

"పెరట్లో ఉందోయ్, సన్నజాజి కుండీ వెనక. అప్పట్లో ఆ ప్లంబరూ నేనూ నీకు తెలీకుండా ఇంకొకటి పెట్టించాం."

అక్క గోడలో చెయ్యితోనే ఆయన వైపు తిరిగింది. "పొద్దుట్నుంచి నోరు విప్పరేం?"

"నువ్వు గోడలోనే ఉందంటివి. అందరి ముందూ నీ మాట కాదనడం దేనికని" అంటూ బావగారు వెళ్ళి వాల్వు కట్టేశారు. నీళ్ళు ఆగిపోయాయి. తర్వాత వచ్చి, గిన్నెలు తోమే సబ్బు ఆవిడ మణికట్టుకి పట్టించారు. కడియం జారింది, చెయ్యి సుఖంగా బయటికొచ్చింది. సబ్బు సంగతి ఇంతసేపూ పాతికమందిలో ఒక్కడికీ తట్టలేదు.

పందెం ప్రకారం సాయంత్రం దాకా ఇంట్లోనే ఉండి నీళ్ళు తోడి, పొద్దు వాలగానే తడిబట్టలతోనే అక్క సైటుకి పరుగెత్తింది. వెళ్ళేసరికి స్లాబు చివరి మూల చదును చేస్తున్నారు. అంచు వెంబడి నడిచింది, వంగి చూసింది, కింద చెక్కలు తట్టింది. తప్పు పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఎక్కడా దొరకలేదు.

"రెండో బ్లాకు మీదేనండీ" అంది డాక్టరమ్మ, పక్కకొచ్చి.

అక్క తెల్లబోయింది. "నా వంటిల్లు చూశాక కూడానా?"

"చూశాకే. నెలరోజులుగా నా అనుమానం మీ పని మీద కాదు. ఏది అడిగినా అక్క చూడాలి, అక్క ఊఁ అనాలి అనేవాళ్ళు. మీకు రేపు జ్వరమొస్తే నా ఆసుపత్రి గతేమిటని బెంగ. ఇవాళ మీరు లేకుండా స్లాబు పడింది. ఆ బెంగ తీరింది."

తమ్ముడు ఫైలు గుండెలకు హత్తుకుని కాలరెగరేశాడు. "పందెం నేనే గెలిచానక్కా. ఒప్పుకో."

"గెలిచావురా. కుర్చీ తీసుకో" అంది అక్క, గడ్డం పైకెత్తి. ఆ గొంతు వింటే ఓడింది ఎవరో చెప్పడం కష్టం. "మేనేజరువి కాబట్టి మొదటి పని చెబుతున్నా. నా వంటింటి గోడలు బాగుచేయించు. నేను ఒక్క మాట మాట్లాడను. ఏం, ఫైల్లో వంటిళ్ళు ఉన్నాయిగా?"

అన్నట్టే వంటిల్లు పూర్తయ్యేదాకా ఆవిడ నోరు మెదపలేదు, పళ్ళు నూరింది గాని. వాల్వు ఈసారి గోడ బయటే పెట్టారు. దానికెవరూ ఆవిడను అడగలేదు. అంతా సర్దుకుని వాళ్ళు వెళ్ళిపోయాక అక్క మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, సింకు కింద కూర్చుని, కొత్త టైళ్ళు ఒక్కొక్కటే తట్టి చూడటం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినగానే బావగారు చేతిలో నీళ్ళడబ్బా కింద పెట్టి, పెరట్లోకి వెళ్ళి, ముందుజాగ్రత్తగా వాల్వు కట్టేశారు.