నిమిషానికి ముప్పై ఆరు

పదకొండు గంటలకు పశువైద్యశాల నుంచి డాక్టరమ్మ గుర్రాన్ని చూడటానికి వస్తుంది. అందుకని వాచీల మేస్త్రి పొద్దున్నే లేచి, స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఏ పని ఎప్పుడు చేయాలో ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఏడింటికి మేత. ఏడున్నరకు ఒళ్ళు తోమడం. ఎనిమిదింటికి గిట్టల్లో మట్టి తీయడం. ఎనిమిదిన్నరకు పశువైద్యశాల వాళ్ళిచ్చిన ఫారం నింపడం. ఆ తరువాత పదకొండు దాకా ప్రశాంతంగా కూర్చోవడం. ముప్పై ఏళ్ళుగా ఊరందరి గడియారాలనూ దారిలో పెట్టిన మనిషికి ఈ మాత్రం ఏర్పాటు ఒక లెక్కా!

గుర్రం ఆయన కావాలని తెచ్చుకున్నది కాదు. మూడు వారాల కిందట కన్నుమూసిన మేనమామ దాన్ని ఈయన పేర రాసి పోయాడు. దానికి ‘తొందర’ అని పేరు పెట్టిందీ ఆయనే. ఎందుకు పెట్టాడో అడుగుదామంటే మనిషి లేడు. పద్దెనిమిదేళ్ళ ఆ ఆడగుర్రం మటుకు మేత దగ్గర తప్ప ఎక్కడా తొందరపడిన దాఖలా లేదు. ఊళ్ళో, ఇంటి పెరట్లో దాన్ని ఉంచుకోవాలంటే అది ఆరోగ్యంగా ఉందని డాక్టరు రాయాలి. రాయకపోతే ఊరి బయట పశువుల శరణాలయానికి తీసుకుపోతారు.

మొదట్లో మేస్త్రి కూడా పోతే పోనీ అనుకున్నాడు. కానీ ఈ మూడు వారాల్లో ఒక అలవాటు పడింది. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, పెరట్లో బల్ల వేసుకుని, ఆ రోజు ఏ గడియారానికి ఏ జబ్బు చేసిందో చెబుతుంటే, అది చెవులు రెండూ ఇటు తిప్పి వింటుంది. ఇరవై ఆరేళ్ళ సంసారంలో ఆయన మాట అంతసేపు విన్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఇప్పుడు దాన్ని తీసుకుపోతారంటే ఆయనకు గుండెల్లో రాయి పడుతోంది.

ఎనిమిదిన్నర దాకా అంతా కాగితం ప్రకారమే నడిచింది. అప్పుడు ఫారం తీశాడు. మేత ఇష్టంగా తింటోందా? తింటోంది. లద్దె రోజుకు ఎన్నిసార్లు వేస్తుంది?

"ఎనిమిది!" అంది భార్య వంటింట్లోంచే. ఎత్తిపోసేది ఆవిడ కాబట్టి ఆ లెక్కకు తిరుగులేదు.

పడుకుని నిద్రపోతుందా, నిలబడి నిద్రపోతుందా? మేస్త్రి కలం ఆగింది. "ఏమోయ్, ఇది పడుకోగా నువ్వెప్పుడన్నా చూశావా?"

"నిలబడే కునుకుతుందండీ. అదీ మూడు కాళ్ళ మీద. వెనక కాలొకటి కాస్త మడిచి పెట్టుకుంటుంది."

"మూడు కాళ్ళ మీద నిద్రేమిటే! ఆ నాలుగోదానికేమయింది?"

"నన్నడిగితే? దాన్నే అడగండి, రోజూ కబుర్లు చెప్పుకుంటారుగా."

తరువాతి ప్రశ్న నాడి గురించి. దవడ కింద వేలు పెట్టి, నిమిషం పాటు లెక్కపెట్టమని ఉంది. ఇది తన విద్య కనక మేస్త్రి ఉత్సాహంగా స్టాప్ వాచీ తీసుకుని వెళ్ళాడు. ముప్పై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పై ఆరే. స్టాప్ వాచీని గోడ గడియారంతో సరిచూశాడు. అందులో తప్పు లేదు. చివరికి తన మణికట్టు తాను పట్టుకుని చూసుకున్నాడు. డెబ్బై రెండు. ఆయన ముఖం పాలిపోయింది. గడియారం అయిదు నిమిషాలు వెనకబడితే నూనె చాలనట్టు. సరిగ్గా సగం వేగంతో నడుస్తోందంటే లోపల పెద్ద చక్రమే అరిగిపోయినట్టు.

"కొంప మునిగింది! దీని గుండె సగమే కొడుతోంది!"

ఆ కేకకు బావమరిది లేచి వచ్చాడు. నాలుగు రోజులుండి పోదామని వచ్చి రెండేళ్ళుగా ఉంటున్న బావమరిది. లోకంలో ఆయనకు తెలియని విషయం లేదు. ఉన్నా ఇంకా ఎవరూ అడగలేదు. "కంగారు పడకు బావా. ముందు జ్వరం చూద్దాం" అని థర్మామీటరు అందుకున్నాడు. దాన్ని గుర్రానికి ఎక్కడ పెట్టి చూడాలో ఫారంలో చదివాడు. చదివి, పక్కింటికి వెళ్ళి రిటైరైన కాంపౌండరును పిలుచుకొచ్చాడు.

కాంపౌండరు గుర్రం తోక పైకెత్తి, పని ముగించి, థర్మామీటరును ఎండలో పట్టుకుని చూశాడు. "నూరున్నర. జ్వరమే."

"ఆ థర్మామీటరు మళ్ళీ నా ఇంట్లోకి తెచ్చారంటే ఊరుకోను" అంది భార్య కిటికీలోంచి.

"ఊపిరి నిమిషానికి పది" అన్నాడు కాంపౌండరు, గుర్రం డొక్క వంక చూస్తూ. "పద్దెనిమిదన్నా ఉండాలి. నాడి సగం, ఊపిరి సగం, పైన జ్వరం. మేస్త్రీ, ఉన్నమాట చెబుతున్నా, ఇదే మనిషయితే ఈపాటికి బంధువులకు కబురు పెట్టించేవాణ్ణి."

గుర్రం తీరిగ్గా గడ్డి నములుతోంది. అది మనిషి కాదన్న సంగతి అక్కడ గుర్రానికొక్కదానికే గుర్తున్నట్టుంది. భగవంతుడు చీమకూ ఏనుగుకూ ఒకే గడియారం ఇచ్చి పంపాడా అని ఆ ముగ్గురిలో ఒక్కరైనా ఒక్క క్షణం ఆలోచిస్తే కథ అక్కడితో ఆగిపోయేది. కానీ మనిషి ఎవరిని కొలవాలన్నా ముందు తన కొలతే బయటికి తీస్తాడు.

వైద్యం మొదలైంది. జ్వరానికి తడిగుడ్డ వేయాలని కాంపౌండరు, దుప్పటి కప్పి చెమట పట్టించాలని బావమరిది. ఇద్దరూ పెద్దమనుషులే కనుక గుర్రాన్ని పంచుకున్నారు. ముందు సగానికి తడిగుడ్డలు, వెనక సగానికి దుప్పటి. ఇక మిగిలింది నాడి.

"పరిగెత్తిస్తే పెరుగుతుంది బావా! నేను మెట్లెక్కితే నాకు పెరగదూ?"

"నువ్వెప్పుడెక్కావురా మెట్లు?"

మాట సగంలో ఉండగానే బావమరిది వెనక నించుని స్టీలు పళ్ళెం మీద గరిటెతో మోగించాడు. తొందర ఉలిక్కిపడింది. మేస్త్రి చేతిలో తాడు, తాడు చివర గుర్రం, ఇద్దరూ గేటు దాటి వీధిలో పడ్డారు. ఎవరు ఎవరిని తీసుకెళుతున్నారో మొదటి మలుపు దాకా కొంచెం అనుమానం ఉండేది. తరువాత అదీ పోయింది.

కొట్టు ముందు ఒక ఖాతాదారు నిలబడి ఉన్నాడు. "మేస్త్రిగారూ, నా గోడ గడియారం?"

"సాయంత్రానికి!" అని అరుస్తూ మేస్త్రి వెళ్ళిపోయాడు.

వీధి చుట్టి రెండోసారి అటు వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. "ఏ సాయంత్రం?"

మూడోసారి వచ్చినప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నాడు.

ఎడమకాలి చెప్పు వీధికి వదిలేసి, మేస్త్రి ఇల్లు చేరేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ. నాడి చూశాడు. తొంభై ఆరు!

"ఎక్కువయిందిరా!"

"ఆగు, దిగుతుంది."

దిగింది. ఎనభై నాలుగు. డెబ్బై ఎనిమిది. సరిగ్గా డెబ్బై రెండు దగ్గర గేటు చప్పుడైంది. మేస్త్రి ఫారంలో డెబ్బై రెండు అని వేసి, కలం జేబులో పెట్టుకుని, చాలా రోజుల తరువాత తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చీ రాగానే గుర్రం దవడ కింద చెయ్యి పెట్టింది. డొక్క వంక చూసింది. దుప్పటి కింద చెమట తడిమింది. ముఖం గంభీరమైంది. "డెబ్బై రెండుంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మొదట్నుంచీ అంతేనండీ!" బావమరిది ముందుకొచ్చాడు. "పొద్దున చూడండి, సాయంత్రం చూడండి, డెబ్బై రెండే. ఒక్క అంకె అటూ ఇటూ కదిలితే ఒట్టు."

"అంతా నా పర్యవేక్షణలోనే తల్లీ" అన్నాడు కాంపౌండరు.

"మూడు వారాలుగా ఇలా ఉంటే ఇంట్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నారా?" డాక్టరమ్మ ఫోను తీసింది. "వ్యాను పంపండి. ఒక గుర్రం ఉంది. చాలా సుస్తీగా ఉంది. వెంటనే తరలించాలి."

బావమరిది ఇంకేదో చెప్పబోతుంటే మేస్త్రి ఆయన్ని భుజం పట్టి వెనక్కి లాగాడు. "ఆ డెబ్బై రెండు దానిది కాదమ్మా, నాది. నేనే పరిగెత్తించి తెప్పించాను. దాని అసలు నాడి ముప్పై ఆరే. సగమే. ఊపిరి పది. నూరున్నర జ్వరం. రాత్రిళ్ళు పడుకోనన్నా పడుకోదు. మీరు ఉండనివ్వరేమోనని దాచాను. తప్పయింది. తీసుకెళ్ళండి. కానీ దానికేదన్నా మందు ఉంటే వేసి బాగుచేయండి. నా దగ్గర లేకపోయినా ఫరవాలేదు, బతికుంటే చాలు."

డాక్టరమ్మ ఫోనులో వ్యాను ఇప్పుడే వద్దని చెప్పింది. ఫోను జేబులో పెట్టుకుంది.

"ఫారం వెనక్కి తిప్పి చూశారా మేస్త్రిగారూ?"

తిప్పారు. ముగ్గురి తలలూ ఒక్కచోట చేరాయి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఏవేవి ఎంతెంత ఉండాలో వెనక అచ్చేసి ఉంది. నాడి ముప్పై, నలభై మధ్య. ఊపిరి పది, పన్నెండు. ఒంటి వేడి నూరు పైచిలుకు. నిలబడి కునుకు తీయడం దాని సహజ లక్షణం; వెనక కాళ్ళను ఒకదాని తరువాత ఒకటి మార్చి విశ్రాంతి ఇచ్చుకుంటుంది.

"అచ్చు చాలా చిన్నదిగా వేశారు" అన్నాడు కాంపౌండరు. ఇంట్లో పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

దుప్పటీ, తడిగుడ్డలూ తీయించి, డాక్టరమ్మ గంటసేపు కూర్చుంది. భార్య టీ ఇచ్చింది. గుర్రం నాడి యాభైకి, నలభైకి దిగి, ముప్పై ఆరు దగ్గర నిలిచింది. అది వెనక కాలొకటి మడిచి, కళ్ళు మూసి, కునుకులో పడింది. మేస్త్రి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయాడు. డాక్టరమ్మ ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, తన గడియారం చూసుకుని, పెదవి విరిచింది.

"నూట పద్దెనిమిది. కూర్చోండి. కాసేపు ఎవరూ ఈయనకు సలహాలు చెప్పకండి."

ఫారంలో ఆవిడ రెండే ముక్కలు రాసింది. గుర్రం ఇక్కడే ఉండవచ్చు. యజమానిని కనిపెట్టి ఉండాలి.

గుర్రాన్ని మళ్ళీ ఆరు నెలలకు చూస్తారట. మేస్త్రిని మటుకు పశువైద్యశాల వాళ్ళు ప్రతి బుధవారం వచ్చి చూసి వెళుతున్నారు.