మూగ స్పీకరు పలికిన విధము

శుక్రవారము మధ్యాహ్నము. భుక్తాయాసము అను మహారాజు తరగతి గదులనన్నిటిని ఏకచ్ఛత్రముగా ఏలుచు, ముందు బెంచీలవారి తలల నూపించుచు, వెనుక బెంచీలవారి తలల వాల్పించుచు, పాఠము చెప్పువారి కనురెప్పలను సైతము కప్పముగా గైకొనుచున్న వేళ. వరండా చివర, ఎవరు కట్టినను కారుట మానని కొళాయి ప్రక్కన, గొళ్ళెమూడిన తలుపును రాతిముక్కతో ఆపియుంచిన భౌతికశాస్త్ర ప్రయోగశాల అను రణభూమిలో. అట్టముక్క కవచముగా, అయస్కాంతము గదగా, సన్నని రాగితీగ పాశముగా ధరించి పదవ తరగతి సేన సలిపిన ఘోరసంగ్రామమును గానము చేయుచున్నాను. ఓ శబ్దమా! గాలిని గుద్ది చెవిని చేరుదానా! కాసేపు నా గొంతున నిలువుము. ఆ పిల్లల స్పీకరులలో నీవు నిలువక ఏడిపించిన సంగతి మున్ముందు చెప్పెదను.

ఈ సంగ్రామమునకు హేతువు రాజ్యము కాదు, రత్నరాశి కాదు, ఒక పీరియడు. వారమున కొక్కమారు వచ్చు ఆఖరి పీరియడు. దానిని ప్రయోగములకై ఏలుచున్నది ఫిజిక్సు మేడమ్. విద్యుత్ప్రవాహ విశారద, ప్రశ్నకు మరియొక ప్రశ్ననే సమాధానముగా నొసగు కఠినచిత్త. దానిపై కన్ను వేసినవాడు లెక్కల సారు. బీజగణిత భయంకరుడు, సుద్దముక్క విసిరెనేని గురి తప్పని వీరుడు. అన్నిటికంటె ఘోరమేమనగా, మేడమ్‌గారికి స్వయముగా భర్త.

రాయబారము ముందటి ఉదయము వంటగదిలోనే విఫలమయ్యెను.

"చూడు, పరీక్షలు ముంచుకొస్తున్నాయి. నా క్లాసులో సగం మందికి వర్గ సమీకరణాలు రావు. వాళ్ళేమో నీ ల్యాబులో కూర్చుని గొట్టాలకి తీగలు చుడుతున్నారు."

"కూర్చోవట్లేదండీ, నిలబడే చుడుతున్నారు. స్టూళ్ళు మీ క్లాసువాళ్ళు పట్టుకుపోయారు."

"అన్నిటికీ వెటకారమే! ఆ పీరియడు నాకు ఇప్పించమని హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగాను."

"నాతో ఒక్క మాట చెప్పకుండా?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

మేడమ్ చేతిలోని గరిటె గాలిలో ఆగెను. ప్రళయకాల మేఘమువలె నల్లబడిన ముఖముతో, ఆమె మిక్కిలి మెల్లగా ఇట్లు పలికెను: "బళ్ళో సంగతులు బళ్ళోనే తేల్చుకుందాం అని మీరే అంటుంటారు కదా. అయితే మీ టిఫిను డబ్బా కూడా బళ్ళోనే కట్టుకోండి."

ఆ వాగ్బాణము తగిలిన సారు ఖాళీ సంచితో బడికి వెడలెను.

ఉభయపక్షముల మొర ఆలకించిన హెడ్‌మిస్ట్రెస్, కళ్ళజోడు తీసి, తుడిచి, మరల పెట్టుకొని తీర్పు చెప్పెను. "పిల్లలు చేసిన స్పీకర్లలో ఒక్కటైనా ల్యాబులో ఆఖరి బెంచీ దాకా వినిపించాలి. వినిపిస్తే పీరియడు ఫిజిక్సుది. లేదంటే లెక్కలది. ఆఖరి బెంచీలో సారే కూర్చుంటారు."

"ఆయనా? వినిపించకపోతే లాభం ఆయనకే కదా మేడమ్!" అనెను ఫిజిక్సు మేడమ్.

"ఆయనకి అబద్ధం చెప్పడం రాదమ్మా. బళ్ళో అందరికీ తెలుసు."

"ఒప్పుకోవడం కూడా రాదు మేడమ్. అది ఇంట్లో నాకు తెలుసు."

అయినను తీర్పు తీర్పే. ఇక యుద్ధమునకు పూర్వము మేడమ్‌గారి వ్రతమును గూర్చి చెప్పవలసియున్నది. ప్రయోగశాలలో విద్యార్థి చేయు వస్తువును ఆమె ఎన్నడును ముట్టదు. వైరు ఊడినను, గొట్టము వంగినను, చేతులు వెనుకకు కట్టుకొని నిలుచునే తప్ప వ్రేలు ముందుకు రానీయదు. "వస్తువు మీది, చేతులు మీవి. నావి వెనకాలే ఉంటాయి" అని ఏడాది ఆరంభమున చేసిన శపథము. ఆ శపథమువలన ఆ గదిలో ఎన్ని పరికరములు చెడెనో, అన్ని తలకాయలు బాగుపడెను. కాని పీరియడే ప్రమాదమున పడిన ఈనాడు ఆ వ్రతము ఆమె మెడకు గుదిబండయై వ్రేలాడెను.

ఇక ఆయుధ వర్ణనము. కాగితముతో చేసిన గరాటు. దాని మొనకు అంటించిన చిన్న కాగితపు గొట్టము. గొట్టము చుట్టు రాగితీగ. గొట్టము నడుమ కదలక నిలుచు అయస్కాంతము. పాట కరెంటై తీగలో పరుగిడును. తీగ అయస్కాంతముతో తగవు పెట్టుకొని అదరును. తీగతో గరాటు, గరాటుతో గాలి అదరును. ఆ అదురే పాట. వినుటకు ఇంతే. చేయుటకు పిల్లలకు మూడు వారముల శుక్రవారములు, జిగురు సీసాలు, ఒకరిద్దరి కనుబొమ్మల వెండ్రుకలు ఖర్చయ్యెను.

లెక్కల సారు ఆఖరి బెంచీపై, పర్వతశిఖరమున డేగవలె ఆసీనుడై, చేతులు కట్టుకొని, కాలుమీద కాలు వేసుకొనెను. హెడ్‌మిస్ట్రెస్ ద్వారము చెంత కుర్చీ వేయించుకొనెను. యుద్ధభేరి మ్రోగెను, అనగా మేడమ్ "ఊఁ, కానివ్వండి" అనెను.

మొదటి దళము కిటికీ ప్రక్క కుర్రవాళ్ళది. జిగురు ఎంత ఎక్కువైన అంత గట్టిదనము అని నమ్మిన శూరులు. వారి గరాటు జిగురు త్రాగి త్రాగి, తడిసిన రుమాలువలె అయస్కాంతముపై సాష్టాంగపడెను. రెండవ దళమువారి అయస్కాంతము, పరీక్ష మొదలగు క్షణమున, వారి చేతులు జారి ఇనుప బీరువాను కౌగిలించుకొనెను. నలుగురు కలిసి లాగినను రాలేదు. "రా బాబూ, రారా బంగారం" అని బుజ్జగించినను రాలేదు. మూడవ దళమునకు నాయకుడు, శబ్దము చాలదని తలచి, యాంప్లిఫయరు మీటను ఒక్కసారిగా చివరిదాక త్రిప్పిన దుడుకువాడు. పాటకు బదులు వారి తీగచుట్టనుండి పొగ లేచెను.

"వాసన మాత్రం ఇక్కడి దాకా వచ్చింది" అని ఆఖరి బెంచీనుండి సారు ప్రకటించెను. "అది లెక్కలోకి రాదుగా?"

"రాదు" అని హెడ్‌మిస్ట్రెస్ ముక్కు మూసుకొనెను.

ఇట్లు సేన యావత్తు నేలకొరగగా, మిగిలినది ఆడపిల్లల జంట ఒక్కటి. పొడుగరి పేరు కొలబద్ద, పొట్టిదాని పేరు గుండుసూది, పెట్టినవారు తోటివారు. ఒకటవ తరగతినుండి వీరి స్నేహమునకు పునాది ఒకే ధర్మము: సరిసగము. రబ్బరు ముక్కను బ్లేడుతో సగము చేసుకొందురు. బెంచీపై సున్నముగీత గీసుకొందురు. తిట్లు పడినను, ఎవరి వంతు తిట్లు వారు లెక్కపెట్టుకొందురు. రాగితీగను సైతము ఆ ధర్మము తప్పకయే చుట్టిరి. బల్లకు ఇరువైపుల ఎదురెదురుగా నిలబడి, కొలబద్ద తన సగము చుట్టి, జారిపోకుండ టేపు వేసి, గొట్టమును త్రిప్పకయే బల్లమీదుగా అందించెను. గుండుసూది తనవైపు కొననుండి పట్టుకొని మిగిలిన సగము చుట్టెను. ఒక్క చుట్టు ఎక్కువ లేదు, ఒక్క చుట్టు తక్కువ లేదు. అంతటి న్యాయము న్యాయస్థానములలోను అరుదు.

తీగ కొనలు యాంప్లిఫయరుకు తగిలించిరి. డ్రమ్ముల మోతతో కూడిన ఒక పాత డ్యాన్సు పాట పెట్టిరి.

నిశ్శబ్దము! అది అట్టిట్టి నిశ్శబ్దము కాదు, శ్మశానములు సిగ్గుపడునది.

"నువ్వే సరిగ్గా చుట్టలేదు" అనెను కొలబద్ద.

"నేనా? నీ సగంలోనే ఏదో ఉంది. మొదలుపెట్టింది నువ్వు."

"తీగ కొనలు గీకావా? పైన వార్నిషు పోవాలి, లేకపోతే కరెంటు పోదు."

"రెండూ గీకా. చూడు, ఎలా మెరుస్తున్నాయో. కళ్ళజోడు పెట్టుకో ముందు!"

మేడమ్ అడుగు ముందుకు వేసి తొంగిచూచెను. చూచినంతనే, గొట్టము నడుమ టేపు క్రింద తీగ వెనుదిరిగిన చోట ఆమె దృష్టి పడెను. రోగము తెలిసెను. మందు తెలిసెను. వ్రేలితో చూపిన చాలును, పీరియడు దక్కును! ఆమె కుడిచేయి వెనుకనుండి మెల్లగా బయలుదేరెను. ఎడమచేయి దానిని మణికట్టుకడ పట్టి నిలిపెను. ఆ రెండు చేతుల నడుమ, ఎవరికిని కనబడని యుద్ధమొకటి కొంత తడవు సాగెను. తుదకు వ్రతము గెలిచెను.

"తీగ ముట్టుకుని చూడండి" అనెను మేడమ్. "ఎలా ఉంది?"

"గోరువెచ్చగా ఉంది మేడమ్."

"అయితే కరెంటు పోతోంది. గరాటు మాత్రం కదలట్లేదు. సరే, ఇద్దరు మనుషులు ఒక బండిని తోస్తున్నారు. ఇద్దరూ బలం పెట్టే తోస్తున్నారు. బండి కదలట్లేదు. ఎందుకు?"

"చక్రాలు లేవేమో" అనెను గుండుసూది.

"చక్రాలు శుభ్రంగా ఉన్నాయి."

"ఏయ్, హింట్లు ఇవ్వకూడదు!" అని ఆఖరి బెంచీనుండి సింహగర్జన.

"నేను ప్రశ్న అడిగానండీ. మీకు జవాబు తెలిస్తే మీరే చెప్పండి."

సారుకు తెలియలేదు. సింహము తన కాలరు సవరించుకొనెను.

జంట మరల తగవులో దిగిరి. "నేనైతే గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాను, ఒట్టు" అనెను కొలబద్ద.

"నేనూ అంతే! గడియారం ముల్లు తిరిగే వైపే. నా వైపు నుంచి చూస్తే..."

ఆ మాట సగములో తెగెను. ఇరువురును ఒకరినొకరు చూచుకొనిరి. తమ నడుమనున్న బల్లను చూచిరి. గొట్టమును చూచిరి.

"చుట్టేటప్పుడు నువ్వెక్కడ నిలబడ్డావే?" అని కొలబద్ద నూతిలోనుండి వచ్చిన గొంతుతో అడిగెను.

"నీ ఎదురుగా."

"అంటే నీ గడియారం నాకు వెనక్కి తిరుగుతోంది."

"అయ్యో! నీ సగం అటు తోస్తోంది, నా సగం ఇటు తోస్తోంది. సరిసమానంగా!"

ఆహా, సరిసగ ధర్మమా! ఒకతె బద్ధకించి నాలుగు చుట్లు తక్కువ చుట్టియుండెనేని, స్పీకరు కాస్తయినను మూలిగియుండెడిది. ఇంతటి న్యాయము జరిగినందువలననే అంతటి మౌనము ప్రాప్తించెను.

"మొత్తం విప్పి మళ్ళీ చుడదామా?" అనెను కొలబద్ద.

"గంట కొట్టేస్తారు. ఆగు. మధ్యలో కత్తిరిద్దాం. నీ సగాన్ని విప్పొద్దు, దాని రెండు కొనలు మాత్రం అటుదిటు ఇటుదటు కలుపుదాం. అప్పుడు కరెంటు నీ సగంలో వెనక నుంచి వస్తుంది. రెండూ ఒకే వైపు తోస్తాయి."

"నా సగమే ఎందుకు? నీది తిప్పొచ్చుగా!"

"ఒసేయ్! ఏది తిప్పినా ఒకటేనే!"

"అయితే నాదే తిప్పు. కత్తెర మాత్రం నేను పట్టుకుంటా."

కత్తెర తళుక్కుమనెను. రాగితీగ ద్విఖండితమయ్యెను. గరుకుకాగితముతో కొనలు గీకిరి, మెలివేసిరి, టేపు చుట్టిరి. మేడమ్‌గారి చేతులు వెనుక ఒకదానినొకటి పిసికి పిసికి ఎర్రబడెను. మరల పాట పెట్టిరి.

గరాటు వణకెను! దానికి చెవి యానించిన గుండుసూది "వస్తోంది! వస్తోందే!" అని కేకవేసెను. కాని ఆ శబ్దము బెంచీలు దాటవలెనన్న, నెత్తిమీద గరగరధ్వానములతో గిరగిర తిరుగు త్రిపక్షుడైన పంఖాసురుని జయింపవలెను. ఆ ఫ్యాను మ్రోతలో వానచప్పుడే వినబడదు. ఈ చీమపాట ఎంత?

"ఫ్యాను ఆపెయ్యండి" అనెను మేడమ్.

"ఈ ఎండలోనా?" అని సేన హాహాకారము చేసెను.

"పీరియడు కావాలా, గాలి కావాలా?"

పొగ సృష్టించిన దుడుకువాడే లేచి, తన పాపమునకు ప్రాయశ్చిత్తమన్నట్లు స్విచ్చి ఆపెను. అసురుడు వెంటనే చావలేదు. గొణిగెను, మూల్గెను, ఇంకొక చుట్టు, ఇంకొక చుట్టని బ్రతిమాలి, తుదకు ఆగెను. చెమటలు నదులై మెడలపై ప్రవహించెను. ఎవ్వరును విసనకర్రగా పుస్తకమైనను ఊపలేదు.

అప్పుడు వెడలెను ఆ పాట. గరాటు గడప దాటి, మొదటి బెంచీని తాకి, రెండవ బెంచీపై తడబడి, జిగురుశూరుల శిథిలములమీదుగా ప్రాకి, తెర వెనుక దోమవంటి గొంతుతో, ముక్కుతో పాడుచున్నదా అనిపించు ఠీవితో, ఆఖరి బెంచీవైపు సాగెను. అందరి కన్నులు సారు ముఖముపై నిలిచెను.

ఆ ముఖము రాతిగోడ. కనుబొమ కదలలేదు. పెదవి కదలలేదు.

"వినిపిస్తోందా సార్?" అని హెడ్‌మిస్ట్రెస్ అడిగెను.

"చూస్తున్నానండీ" అనెను సారు. అబద్ధము కాదు. ఒప్పుకోలును కాదు.

"చూడ్డం కాదు, వినాలి."

"వినడానికే చూస్తున్నాను."

ఆశ ఆవిరియగుచుండెను. కొలబద్ద కన్నులు నిండెను. అంతట హెడ్‌మిస్ట్రెస్ దృష్టి, సారు ముఖమును విడిచి క్రిందికి, ఇంకను క్రిందికి, బెంచీ క్రిందికి జారి అచ్చటనే నిలిచిపోయెను.

"సార్, మీ కుడికాలు బూటు ఏ లెక్క వేస్తోంది?"

అందరును వంగి చూచిరి. కాలుమీద కాలు వేసుకొన్న సారు బూటు, యజమాని ఆజ్ఞకు లోబడక, డ్రమ్ము పడినప్పుడెల్ల టక్కున పైకి లేచుచు, విరామమున ఆగుచు, మరల లేచుచు ఆడుచుండెను. సారు తన కాలిని పరాయివాని కాలివలె చూచెను.

"ఇది... తిమ్మిరండీ."

"తిమ్మిరి ఇంత తాళంలో రావడం నేను చూడలేదు సార్."

గది ఘొల్లుమనెను. సారు బూటును నేలపై పెట్టి అదిమెను. పాట చరణములో ప్రవేశించెను. మడమ నిలిచెనుగాని ముందరి భాగము మరల లేచెను. ఇక గత్యంతరము లేక ఆ గణితకేసరి గొంతు సవరించుకొని, సభను గాక కిటికీని చూచుచు ఇట్లు పలికెను: "చరణం దగ్గర కొంచెం బొంగురుగా ఉంది."

"అంటే, పల్లవి బాగానే వినిపించిందన్నమాట" అనెను మేడమ్, మెల్లగా.

"...పల్లవి పరవాలేదు."

"పీరియడు ఫిజిక్సుది" అని హెడ్‌మిస్ట్రెస్ లేచెను. "వచ్చే శుక్రవారం బడికి సెలవు. ఆ పై శుక్రవారం నుంచి మీ ఇష్టం."

వినుడు, విన్నవారికి చెప్పుడు! కోటలు కూలలేదు, కిరీటములు దొరలలేదు. కాగితముతో చేసిన ఒక గరాటు, తెగి అతికిన తీగతో, ఉక్కపోసిన గదిలో నాలుగు బెంచీల దూరము దండెత్తిపోయి, బీజగణిత భయంకరుని సకలాంగములలో లొంగని వానినన్నిటిని విడిచిపెట్టి, కుడికాలి బొటనవ్రేలిని సంపూర్ణముగా జయించెను.