రాకెట్‌కు కాపలా

శనివారం పొద్దున సామ్యేల్ రెండు పనులు పెట్టుకున్నాడు. గాలి లేవకముందే రాకెట్ ఎగరేయాలి. ఆ తర్వాత భార్య యేసమ్మను బసంత్‌నగర్ బస్సెక్కించాలి. మొదటి పని బాగా జరిగితే రెండో పని అవసరం ఉండదేమోనని అతని ఆశ. ఆ ఆశ అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటే ఉంటే యేసమ్మ సంచి సర్దుకునేది కాదు.

సామ్యేల్ గోదావరిఖనిలో బొగ్గు గనిలో షాట్ ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గు గోడకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి, తీగలు లాగి, అందరినీ దూరం పంపి, మూల వెనక నిలబడి బటను నొక్కడం అతని ఉద్యోగం. బతుకంతా పేల్చాడు గాని ఒక్క పేలుడునూ కళ్ళతో చూడలేదు. చూసేంత దగ్గర నిలబడ్డవాడికి మళ్ళీ చూసే అవకాశం ఉండదు.

కూతురు ఫెబా బసంత్‌నగర్‌లో టీచరు. ఆమె బడికి ఒకసారి హైదరాబాదు నుంచి హాబీ క్లబ్బు వాళ్ళు వచ్చి కాగితపు రాకెట్ ఎగరేసి చూపించారు. బ్యాటరీ, తీగలు, బటను. అన్నీ సామ్యేల్‌కు తెలిసిన సామానే. కాకపోతే ఇది పైకి పోయింది. అందరూ చూస్తుండగా పోయింది. పైన చిన్న పారాచ్యూట్ విప్పుకుని మెల్లగా దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సామ్యేల్ కూడా కొట్టాడు, పిల్లలు ఆపిన తర్వాత కూడా కొట్టాడు.

ఆ రోజు నుంచి క్వార్టర్‌లో మనుషులకు చోటు తగ్గింది. ప్లాస్టిక్ పైపుకు కాగితం చుట్టి చేసిన గొట్టాలు మంచం కింద, వడ్రంగి చేత చెక్కించిన ముక్కులు అలమారలో, అట్ట రెక్కలు దండెం మీద. ఇంజన్లు మాత్రం క్లబ్బు వాళ్ళు ఫెబా చేతికి పంపేవారు. సామ్యేల్ వాటిని కూతురి బడి మైదానంలో ఎగరేసి వచ్చేవాడు, వచ్చి ఏమీ చెప్పకుండా అన్నం తినేవాడు. గనిలో ఉన్నన్నాళ్ళూ మొగుణ్ణి గని ఉంచుకుంది, ఇప్పుడు కాగితాలు ఉంచుకున్నాయని యేసమ్మ అనేది. అతను పాలగిన్నెలో మైదా జిగురు కాచిన రోజున ఆ అనడం కూడా మానేసింది. కూతురి దగ్గరికి పోతున్నానంది. ఎప్పుడొచ్చేదీ చెప్పలేదు.

సామ్యేల్ రెండు రోజులు ఆలోచించి, పోయేముందు ఒక్కటి చూసి పొమ్మన్నాడు. బస్టాపు ఎట్లాగూ మైదానం అవతలే కాబట్టి యేసమ్మ సరేనంది.

కాలనీ మైదానానికి రెండు దార్లు. ఒకటి క్వార్టర్ల వైపు, ఒకటి కూరగాయల మార్కెట్ వైపు. గనిలో మందు పేల్చడాన్ని కాల్పు అంటారు. కాల్పు ముందు ప్రతి దారిలో ఒక మనిషిని ఎర్రజెండాతో నిలబెట్టాలి. షాట్ ఫైరర్ స్వయంగా వచ్చి తప్పించేదాకా ఆ మనిషి కదలకూడదు. మూరెడు వెదురు పుల్ల మీద నిలబడ్డ రాకెట్‌కు ఇదంతా అక్కర్లేదని సామ్యేల్‌కు తోచలేదు. క్వార్టర్ల దారిలో పాత దోస్తు బుచ్చన్నను పెట్టాడు. బుచ్చన్న రిటైరయినా ఇన్నేళ్ళ కాపలా అతని కాళ్ళలోంచి పోలేదు. మార్కెట్ దారిలో యేసమ్మ తమ్ముడు జాన్ ప్రసాద్‌ను పెట్టాడు. జాన్ ప్రసాద్ ఇంకా సర్వీసులోనే ఉన్నాడు, ఆ రోజు సెలవు. కదలొద్దు, మాట్లాడొద్దు, ఎవరినీ విడవొద్దు అని ఇద్దరికీ చెప్పాడు. ఇద్దరూ తలూపారు.

సామ్యేల్ ఈల మూడుసార్లు ఊది బటను నొక్కాడు. రాకెట్ లేవలేదు.

గనిలో కాల్చింది పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. లోపలెక్కడో నిప్పు మెల్లగా పాకుతూ ఉండొచ్చు గనుక అరగంటదాకా దగ్గరికి పోకూడదు. రాకెట్‌కు ఒక్క నిమిషం ఆగితే చాలని క్లబ్బు వాళ్ళు చెప్పారు. క్లబ్బు వాళ్ళు ఏనాడూ గనిలో దిగినవాళ్ళు కాదు. సామ్యేల్ ఒక రాయి మీద కూర్చుని రాకెట్ వైపు చూడసాగాడు.

అప్పుడే మార్కెట్ వైపు నుంచి పోశవ్వ కూరగాయల గంపతో వచ్చింది. జాన్ ప్రసాద్ జెండా అడ్డం పెట్టాడు. ఎందుకని అడిగింది. కాల్పు ఉందన్నాడు. ఎవరు కాలుస్తున్నారని అడిగింది. అతను మాట్లాడలేదు. ఎంత దూరం పోతుంది, ఇండ్లు ఉంటాయా అని అడిగింది. అతను నేరుగా ముందుకు చూస్తూ నిలబడ్డాడు. పోశవ్వ ఊరు రెండేళ్ళ కింద, నేలనంతా పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్టు గని కింద పోయింది. అప్పుడు కూడా ఊళ్ళోకి మొదట వచ్చింది ఎర్రజెండా పట్టుకున్న మాట్లాడని మనిషే. ఆమె గంప దించి, వచ్చిన దారినే పరుగెత్తింది.

ఆమె చెప్పిన మాట మార్కెట్ చివరికి చేరేసరికి ఓపెన్‌కాస్టు కాలనీకి వచ్చింది. టీ కొట్టు దగ్గర క్వార్టర్లు ఖాళీ చేయడానికి వారం గడువైంది. సెలూన్ దాటేసరికి గడువు సాయంత్రానికి తగ్గింది. యూనియన్ నాయకుడు లింగమూర్తికి గడ్డం సగం గీసి ఉండగా ఈ వార్త అందింది. మిగతా సగం అతను గీయించుకోలేదు. అది తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఏడాది. టెంట్లు, మైకులు ఆటోల్లోనే ఉండేవి, ఎవరూ దించే పని పెట్టుకునేవారు కాదు. కాసేపట్లో మార్కెట్ దారి మీద టెంటు లేచింది. దాని కింద కాలనీలో సగం మంది కూర్చున్నారు. కాల్పు ఆపాలని నినాదాలు మొదలైనాయి. ఒక్కరూ జాన్ ప్రసాద్ జెండాను మాత్రం దాటలేదు. ఆ నేల మీద పుట్టినవాళ్ళు ఎర్రజెండా దాటరు.

సామ్యేల్ దూరం నుంచి జనాన్ని చూశాడు. అంతమంది తన రాకెట్ కోసం వస్తారనుకోలేదు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. అరగంట అయిందని లేచి పోయి, తీగలు విప్పి మళ్ళీ బిగించి, వెనక్కి వచ్చి ఈల ఊది నొక్కాడు. ఈసారీ లేవలేదు. మళ్ళీ రాయి మీద కూర్చున్నాడు.

క్వార్టర్ల దారిలో యేసమ్మ మొదటి ఈల నుంచీ సంచితో నిలబడి ఉంది. చూడ్డానికి ఏమీ లేదని తేలిన తర్వాత బస్టాపుకు పోదామని కదిలింది. బుచ్చన్న జెండా దించలేదు.

"నన్ను గూడ ఆపుతవా?"

"నా అవ్వ లేసొచ్చినా ఆగాలె వదినే."

మైదానం అవతల బసంత్‌నగర్ బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. బుచ్చన్న దానివైపు చూడలేదు. యేసమ్మ అతన్ని, అతని పుట్టుకను, అతనికి ఆ జెండా ఇచ్చినవాణ్ణి తీరిగ్గా తిట్టింది. బుచ్చన్నకు ఇంట్లో ఇంతకన్నా గట్టి తిట్లే అలవాటు. చివరికి ఆమె సంచి మీద కూర్చుంది. దూరంగా రాయి మీద మొగుడు కూడా అట్లాగే కూర్చుని ఉన్నాడు. కదలడు, పక్కకు చూడడు.

"గనిల గూడ గిట్లనే కూసుంటుండెనా?" అంది.

మాట్లాడకూడదన్న నియమాన్ని బుచ్చన్న ఈసారి పూర్తిగా మరిచిపోయాడు. "మరి? మిస్‌ఫైరైతే అందరు మీదికి పోయేటోళ్ళు. ఈయనొక్కడు కింద. నేను జెండతోని ఇంకో మూలకు. షిఫ్టు బస్సు ఎల్లిపోయేది. ఇద్దరం నడుసుకుంట వచ్చేటోళ్ళం."

అట్లా ఆలస్యంగా వచ్చిన రోజుల్లో సామ్యేల్ గుమ్మంలో చెప్పులు విడుస్తూ 'మిస్‌ఫైర్' అని ఒక్క మాట అనేవాడు. కంచం ముందు కూర్చునేవాడు. ఆమె దృష్టిలో ఆ మాటకు కల్లు దుకాణమని అర్థం. వాసన రాలేదంటే సోంపుగింజలు నమిలి వచ్చాడని అర్థం. చర్చిలో స్త్రీల కూటంలో ఆమె కన్నీళ్ళతో ఈ సంగతి చెప్పుకుంది. కూటమంతా ఏళ్ళ తరబడి సామ్యేల్ తాగుడు మానాలని మోకాళ్ళ మీద ప్రార్థించింది. రిటైరయ్యాక అతను ఇంటిపట్టునే ఉండటం చూసి, ప్రార్థన ఫలించిందని యేసమ్మ సంఘం ముందు నిలబడి సాక్ష్యం కూడా ఇచ్చింది. సామ్యేల్ ఆ రోజు మగవాళ్ళ వరుసలో కూర్చుని అంతా విన్నాడు. ఇంటికొచ్చి దాని గురించి ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని ఆమె పశ్చాత్తాపం కింద జమకట్టుకుంది.

"కల్లు దుకాణంల ఉంటున్నరనుకున్న," అంది మెల్లగా.

"మా ఇంటామె మల్లక్క గూడ గట్లనే అనుకుంటది. నేనైతే పోతుంటి గానీ ఆయన రాడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అరగంటయినంక దాని దగ్గరికి పోయి చూసేది ఎవరనుకున్నవు వదినే? ఆయననే. గది చెప్తే డ్యూటీకి పోనిస్తుంటివా?"

ఆ సమయానికే మార్కెట్ దారిలో కంపెనీ జీపు వచ్చింది. లింగమూర్తి ఫోన్ చేసి కాల్పు సంగతి అడిగినప్పుడు, ఆ విషయం తన దృష్టికి రాలేదని కంపెనీ అధికారి నిజమే చెప్పాడు. దృష్టికి రాలేదన్నాడంటే దాస్తున్నాడని లింగమూర్తి మైకులో వివరించాడు. అధికారి ఇంకో ఆఫీసును అడిగాడు. వాళ్ళు తమకు తెలియదన్నారు. తనకు తెలియకుండా తన పరిధిలో ఏదో జరుగుతోందని అతను జీపెక్కాడు. జీపు జెండా దాకా వచ్చింది. జాన్ ప్రసాద్ తన పై అధికారిని గుర్తుపట్టాడు, అయినా జెండా అడ్డం పెట్టాడు. రక్షణ వారోత్సవాల్లో ఎర్రజెండా మీద ఏటా గంటసేపు ఉపన్యసించేది ఆ అధికారే. దిగి ఎండలో నిలబడ్డాడు.

చేసేదిలేక మైకు తీసుకున్నాడు. ఈ మైదానంలో ఈ రోజుగాని, ముందు ముందుగాని, ఏ రకమైన కాల్పూ జరగదని కంపెనీ తరపున మాట ఇచ్చాడు. టెంటు చప్పట్లతో ఊగింది. లింగమూర్తి సగం గడ్డం మీద దండ పడింది.

రెండో అరగంట పూర్తి చేసి, తెగిన తీగముక్క దొరికితే అది మార్చి, సామ్యేల్ తన ప్రేక్షకులకు ఇంకాసేపు ఆగమని చెప్పడానికి వచ్చాడు. ఏం పేలుస్తున్నావని అధికారి అడిగాడు. రాకెట్ సార్ అని, అట్టముక్కలతో చేసిందని, ఇంత పొడవుంటుందని చేతులతో చూపించాడు. అధికారి, లింగమూర్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతమంది ముందు ఇచ్చిన హామీ, వేసుకున్న దండ వెనక్కి పోయేవి కావు. కాల్పు అంటే ఏ కాల్పయినా కాల్పేనని, వెంటనే తీసేయమని ఇద్దరూ కలిసి మైకులో చెప్పారు. ఆ యూనియన్, ఆ కంపెనీ ఒక మాట మీదికి రావడం జనం అదే మొదటిసారి చూశారు.

సామ్యేల్ ఏనాడూ పై అధికారికి ఎదురు చెప్పలేదు. వెనక్కి పోయి తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

బుచ్చన్న ముందు యేసమ్మ లేచింది. అతను జెండా అడ్డం పెట్టాడు. ఆమె దాన్ని అతని చేతిలోంచి లాక్కుని, తానే పట్టుకుని మైదానం అడ్డంగా నడిచింది. నేరుగా అధికారి ముందుకు పోయి ఆగింది.

"మిస్‌ఫైరైనదాన్ని ఇడిసిపెట్టి షాట్ ఫైరర్ ఇంటికి పోవచ్చునా సారు? మీ రూలు ఏం చెప్తది?"

పోకూడదనే రూలు. అది కాదని అంతమంది గని కార్మికుల ముందు అనగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

"గిన్నేండ్లు ఆయన పోలే. ఇయ్యాల మీరు పొమ్మంటరా?"

ఈ ఒక్కటీ కాల్చిన తర్వాతే హామీ అమల్లోకి వస్తుందని లింగమూర్తి మైకులో సవరించాడు. జనాన్ని వెనక్కి జరిపారు. సామ్యేల్ యేసమ్మను కూడా వెనక్కి పొమ్మన్నాడు. ఆమె పోలేదు, ఒక్క అడుగు మాత్రం వెనక నిలబడింది. అతను తీగలు మళ్ళీ బిగించి ఈల మూడుసార్లు ఊదాడు. కాలనీ మొత్తం చెవులు మూసుకుంది. పసిపిల్లల చెవులు తల్లులు మూశారు.

రాకెట్ సుయ్యిమని పోయింది. అంతే. చెవులు మూసుకున్నవాళ్ళకు అది కూడా వినపడలేదు. నీలం ఆకాశంలో తెల్లటి గీత గీసి, అక్కడెక్కడో పాల కవరంత పారాచ్యూట్ విప్పుకుని, గాలికి పక్కకు జరిగి, రామగుండం కరెంటు ప్లాంటుకు పోతున్న బొగ్గు రైలు మీద నిమ్మళంగా దిగింది. కరెంటు కావడానికి వెళ్ళిపోయింది. ఇంతేనా అని జనం గొణుక్కుంటూ లేచారు.

యేసమ్మ ఆకాశం వైపు చూడటం ఎప్పుడో మానేసింది.

"గట్ల దగ్గరికి ఎన్నిసార్లు పోయినవ్?"

"లెక్క పెట్టలే."

"ఒక్కనాడన్న చెప్పొద్దా?"

సామ్యేల్ తీగ చుట్టుకుంటూనే ఉన్నాడు. "చెప్తే నువ్వు అన్నం తిందువా?"

ఆమె సంచి తెచ్చి అతని చేతికిచ్చింది. బస్టాపు వైపు కాకుండా క్వార్టర్ల వైపు నడిచింది. సంచి అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. చాలా రోజులకే సర్దుకున్నట్టుందని సామ్యేల్‌కు అప్పుడు తెలిసింది. అతను తన పద్ధతిలో, ఏమీ అనకుండా వెనకే నడిచాడు. బుచ్చన్న ఇద్దరికీ దారి ఇచ్చాడు. జాన్ ప్రసాద్‌ను తప్పించడం మరిచిపోయారు. అతను మధ్యాహ్నందాకా అక్కడే నిలబడ్డాడు.

ఆ ఏడాది యూనియన్ ఎన్నికల్లో, కాలనీ మీదికి వచ్చిన ఓపెన్‌కాస్టును ఆపినవాడిగా లింగమూర్తి గెలిచాడు. జాన్ ప్రసాద్ కూడా అతనికే ఓటు వేశాడు.

రాకెట్ ఎగిరిన మర్నాడే, ఆదివారం ఆరాధనలో యేసమ్మ లేచి నిలబడింది. తన భర్త ఏనాడూ తాగలేదని, ఆలస్యంగా వచ్చింది మిస్‌ఫైర్ల వల్లేనని, తన పాత సాక్ష్యం తప్పని సంఘం ముందు ఒప్పుకుంది. స్త్రీల కూటం ఒక్క ముక్కా నమ్మలేదు. ఆ వారం నుంచి సామ్యేల్‌తో పాటు యేసమ్మ కూడా తాగుడు మానాలని ప్రార్థన మొదలుపెట్టింది.