ముగ్గు వేయని ఆదివారం

ఆదివారం పొద్దున ఏమీ చేయకూడదన్నది అభినయ వేసిన ప్లాను. ఏమీ చేయకుండా ఉండటానికి ఆమె శనివారం సాయంత్రమంతా ఏర్పాట్లు చేసింది.

కారణం విమల్ బీపీ. పెళ్ళయి మూడు నెలలే. అతను మేట్టుపాళయంలోని అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. శుక్రవారం డాక్టరు అతని చేతికి పట్టీ చుట్టి, నమ్మకం కుదరక రెండోసారి కూడా చుట్టి చూశాడు. "ముప్పై ఏళ్ళకే ఇంతనా? ఇప్పుడు మాత్రలు మొదలుపెడితే ఆపడం కష్టం. ఒక నెల చూద్దాం. వారానికి ఒక్క పూటైనా ఊరికే ఉండండి" అన్నాడు. "ఊరికే అంటే ఏం చేయాలి సార్?" అని అడిగాడు విమల్. డాక్టరు అభినయ వైపు జాలిగా చూశాడు.

అందుకే ఆమె రెండు ఫోన్లూ ఆపి బియ్యం డబ్బాలో పెట్టింది. కాలింగ్ బెల్ స్విచ్చి ఆపింది. వంట లేకుండా బేకరీ నుంచి పొడుగు రొట్టె తెచ్చింది. విమల్ అవ్వ అమ్మాయమ్మ వీరాంపట్టినంలోని కూతురింటికి వెళ్ళింది కాబట్టి అడిగేవాళ్ళు కూడా లేరు.

"ముగ్గు గూడా వద్దా?" అని అడిగాడు విమల్.

"ఒక్క దినం లేకపోతే ఏమైపోతాది? రోజూ అయిదింటికి లేస్తా ఉండా. నేను పదకొండు చుక్కలు పెడితే పక్కింటి చంద్రత్త పదమూడు పెడతాది. నాకూ బీపీ వస్తాది, చూడు."

అభినయ పెరిగింది అపార్ట్‌మెంట్‌లో. అక్కడ గుమ్మం ముందు స్టిక్కరు ముగ్గు ఏడాదంతా అంటుకుని ఉండేది. ఈ వీధిలో గుమ్మం ముందు ముగ్గు పడకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు లెక్క అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. విమల్‌కి తెలిసి ఉండాల్సింది. కానీ ముప్పై ఏళ్ళుగా అతను దాన్ని తొక్కుతూ వెళ్ళాడే తప్ప చూడలేదు.

ఆరున్నరకి ఇద్దరూ కాఫీ గ్లాసులతో మేడ మీదకి వెళ్ళారు. వాటర్ ట్యాంకు వెనక నీడలో చాప పరిచారు. సముద్రపు గాలి వస్తోంది. రొట్టెను కాఫీలో ముంచితే విరిగి గ్లాసులో పడిపోయింది. దాన్ని చెంచాతో వెతకడానికి పది నిమిషాలు పట్టింది. అంత ముఖ్యమైన పని ఈమధ్య ఏదీ చేయలేదనిపించింది విమల్‌కి. ఏడింటికల్లా ఇద్దరూ నిద్రపోయారు.

సరిగ్గా ఏడింటికి పక్కింటి చంద్ర గేటు దగ్గరికి వచ్చి ఖాళీ గుమ్మం చూసింది. ఫోన్ చేసింది. రెండూ ఆపి ఉన్నాయి. నిన్న అమ్మాయమ్మను కూతురు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించడం గుర్తొచ్చింది. చంద్ర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వీధి చివర ఉండే పట్టాభిరామన్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన రిటైరయ్యాక వీధిలో పెళ్ళిళ్ళకీ చావులకీ ముందు నిలబడే పని పెట్టుకున్నాడు.

"అమ్మాయమ్మత్త పోయినట్టుంది మామా."

"యాడ? ఈడనా?"

"వీరాంపట్టినంలో. పిల్లలు తెల్లారకముందే పోయుంటారు."

"బండి ఈడే ఉండాదే?"

"ఇట్టాంటప్పుడు బండి మీద పోతారా ఎవురైనా? కారు పిలిచుంటారు."

పట్టాభిరామన్‌కి అది సబబుగా తోచింది. "అయితే తలుపు కొట్టబాకండి, ఎవురూ లేరు. ఆయమ్మను తెచ్చేలోపల మనం చేయాల్సింది చేస్తాం" అన్నాడు. ఎనిమిదిన్నరకి షామియానా వచ్చింది. దాన్ని ఒక పక్క విమల్ గేటుకీ, ఇంకో పక్క చంద్ర గోడకీ కట్టారు. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఫోన్ ఎత్తలేదని తిట్టడానికి బండేసుకుని వచ్చిన విమల్ మేనేజరు నరేంద్రన్, సంగతి విని, వెనక్కి వెళ్ళి పెద్ద గులాబీ మాల తెచ్చాడు.

తొమ్మిదిన్నరకి విమల్ లేచి ఒళ్ళు విరుచుకుంటూ కిందకి చూశాడు. షామియానా కనిపించింది. దాని అంచున కూర్చుని చంద్ర ఏడుస్తోంది.

"అబీ, లెయ్! విజయరంగన్ మామ పోయినట్టున్నాడు!"

చంద్ర భర్త విజయరంగన్‌కి షుగరు. ఇద్దరూ గబగబా దిగి, తలుపు తీసుకుని వెళ్ళి, ఆమె ముందు కూలబడ్డారు.

"ఎంత పనైపాయ అత్తా! నిన్న గేటు కాడ బాగనే మాట్లాడినారే!" అన్నాడు విమల్.

"నాతోనూ మాట్లాడినార్రా. ఆటోలో కూర్చోని చెయ్యి గూడా ఊపినారు. యాడుండారు ఇప్పుడు? లోపలకి తెచ్చినారా?"

"అదే నేనడగతా ఉండా. లోపల పడుకోబెట్టినారా?"

"బిడ్డకి తల తిరిగిపోయినట్టుంది" అన్నాడు పట్టాభిరామన్ మెల్లగా.

నరేంద్రన్ ముందుకొచ్చి విమల్ భుజం తట్టాడు. "మూడు దినాలు ఫ్యాక్టరీకి రావద్దు. నేను ఫోన్ గూడా చేయను" అన్నాడు. పక్కింటాయన పోతే మూడు రోజుల లీవు ఇచ్చే మేనేజరు ఎక్కడుంటాడని విమల్ ఆలోచించేలోపు, విజయరంగన్ ట్రేలో కాఫీ గ్లాసులతో బయటికొచ్చాడు.

"తీసుకోరా విమల్. నీకు చక్కెరేసింది" అన్నాడు.

విమల్ గ్లాసు తీసుకోలేదు. "మరి... పోయింది ఎవురు?"

ఎవరూ జవాబు చెప్పకముందే వీధి మలుపులో ఆటో ఆగింది. అమ్మాయమ్మ దిగింది, చేతిలో వంజరం చేపల సంచితో. తన ఇంటి ముందు షామియానా చూసింది. కుర్చీలు చూసింది. ఖాళీగా ఉన్న గుమ్మం చూసింది. గుంపు మధ్యలో మనవడు ఆమెకి కనిపించలేదు. సంచి జారి కింద పడింది.

"నా బిడ్డా! బీపీ అని మొన్ననే చెప్తివే, నేనాడికెందుకు పోతిని!"

ఆ కేకకి అక్కడెవరికీ నవ్వు రాలేదు. విమల్ కుర్చీలు తోసుకుని పరుగెత్తాడు. అమ్మాయమ్మ అతన్ని పైనుంచి కింది దాకా తడిమి చూసి, చెంప మీద ఒకటి కొట్టి, తర్వాత కౌగిలించుకుంది.

ఎవరు ఎవరనుకున్నారో తేలడానికి పావుగంట పట్టింది. చివరికి అందరి చూపులూ ముగ్గు లేని గుమ్మం మీదా, తర్వాత అభినయ మీదా పడ్డాయి. మూడు నెలల మంచి పేరు ముగిసినట్టేనని ఆమె తల వంచుకుంది.

"తెలీదవ్వా. ఆయన ఒక పూటన్నా ఊరికే ఉండాలని..." అంది.

అమ్మాయమ్మ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ ఇంటికొచ్చి అరవై మూడేళ్ళు. ముగ్గెయ్యకుండా పొద్దెక్కిందాకా కూర్చునింది రెండుసార్లు. మా మామ పోయినప్పుడు, మీ తాత పోయినప్పుడు." మనవడి వైపు తిరిగింది. "ఇంట్లో ఒకరు చస్తేనే మాకు లీవు. ఈ పిల్ల ఎవుర్నీ చంపకుండానే తీసుకునింది. తప్పేందిరా?"

చంద్ర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నరేంద్రన్ మాలను వీపు వెనక దాచుకుంటూ, "అయితే విమల్, రేపు పొద్దున లోడు..." అని మొదలుపెట్టాడు.

"నేను పోయినప్పుడు ఇయ్యాల్సిన లీవే కదయ్యా. ముందుగా ఇచ్చినాననుకో" అంది అమ్మాయమ్మ. "ఆ మాలిటియ్యి. ఎనభై నాలుగేళ్ళకి ఒకరు తెచ్చినారు."

షామియానాకి సాయంత్రం దాకా అద్దె కట్టేశారు. విప్పడం దేనికని దాని కిందే చేపల పులుసు తిన్నారు. నెల తిరిగాక డాక్టరు పట్టీ ఒక్కసారే చుట్టాడు. మాత్రలు రాయలేదు.

ఇప్పుడు ఆదివారాలు ఆ గుమ్మం ముందు ముగ్గు ఉండదు. ఒక పలక ఉంటుంది. దాని మీద అమ్మాయమ్మ చెప్పగా, వీధిలో అందరూ చదవగలిగేలా విమల్ తమిళంలో రాసిన మాటలు: "అందరూ బాగున్నారు. పడుకున్నారు." మూడో ఆదివారానికి ఆ వీధిలో నాలుగు పలకలు వెలిశాయి. అందులో అన్నిటికన్నా పెద్దది చంద్రది.