అమ్మ కుర్చీకి గంట

సెలవురోజు పొద్దున్నే లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ కూర్చునే కుర్చీకి గంట బిగించాలి. ఆవిడ లేస్తే అది మోగాలి. అంతే.

అమ్మకి ఈ మధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. సాయం లేకుండా లేవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపి, ఆయన అటు తిరగ్గానే లేచింది. మొన్నామధ్య అలాగే లేచి తూలి, బల్ల అంచు చేతికి దొరకబట్టి సరిపోయింది. అప్పటినుంచి కొడుక్కి పనిలో మనసు నిలవడం లేదు. ఇంట్లో భార్య కనిపెట్టుకునే ఉన్నా, ఎవరింటి లిఫ్టు విప్పుతున్నా ప్రాణమంతా ఆ కుర్చీ దగ్గరే. లిఫ్టులో బరువెక్కువైతే గంట మోగుతుంది కదా, బరువు తగ్గితే మోగే గంట ఎంత పని అనుకున్నాడు. కుర్చీలో గాలిదిండు, దానికో గొట్టం, గొట్టం చివర గాలి ఒత్తిడిని కనిపెట్టే సెన్సర్.

ఆ సెన్సర్ దగ్గరే వచ్చింది చిక్కంతా.

"విడిగా ఒకటి అమ్మమండీ. పెట్టె మొత్తం తీసుకోవాలి" అన్నాడు ఎలక్ట్రానిక్స్ షాపతను.

"పెట్టెడు అమ్మలు లేరండీ నాకు. ఒక్కతే."

షాపతనికి జాలేసింది. "చవగ్గా అవ్వాలంటే పాత బీపీ మిషన్ ఒకటి విప్పి చూడండి. అందులో ఉండేదీ అదే."

మెకానిక్‌కి ప్రాణం లేచొచ్చింది. అక్కడే నిలబడి చుట్టాలందరికీ ఒకే మెసేజ్ కొట్టాడు. 'ఎవరి దగ్గరైనా పాత బీపీ మిషన్ ఉంటే వెంటనే కావాలి. అమ్మకి మాత్రం చెప్పకండి.' చెబితే తనకి కాపలా పెడుతున్నారని ఆవిడ అలుగుతుందని అతని భయం.

ఆ కుటుంబంలో ఓ పద్ధతుంది. చెడు కబురనిపిస్తే ఫోన్లో అడగరు. మనిషే వచ్చి, ముఖం చూసి తెలుసుకుంటారు.

అతను వైర్లు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి అక్క అమ్మ పక్కన కూర్చుని చెయ్యి నిమురుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాసేపటికి పిన్ని వచ్చింది. ఏళ్ళ తరబడి గడప తొక్కని మేనమామ కూడా ఆయాసపడుతూ దిగాడు. అందరి చేతుల్లోనూ సంచులు. అందరూ ఎండ గురించే మాట్లాడుతున్నారు.

"ఎండ మీ ఇళ్ళ దగ్గర లేదా? ఇంతమంది ఇక్కడికొచ్చి చెప్పాలా?" అంది అమ్మ. అక్క ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

కొంప మునిగిందని మెకానిక్‌కి అర్థమైంది. అందర్నీ వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగు విసిరి తమ్ముణ్ణి ఒకటి వేసింది.

"నేను అడిగింది పాతవి, పాడైపోయినవి" అన్నాడు అతను, సంచుల్లోంచి వచ్చిన మిషన్లు చూసి.

మేనమామకి రోషం వచ్చింది. "నాది పాడైందని ఎవడన్నాడ్రా? చెయ్యి ఇలా తే" అంటూ మేనల్లుడి జబ్బకి పట్టీ చుట్టేశాడు. అది చూపించిన అంకె పిన్నికి నచ్చలేదు. రెండో జబ్బకి తన మిషన్ పట్టీ చుట్టింది. ఏది నిజమో తేల్చడానికి అక్క మూడోది విప్పింది.

కుర్చీలోంచి అమ్మకి వంటింటి గుమ్మం కనిపిస్తుంది. రెండు చేతులకీ పట్టీలతో కొడుకు, చుట్టూ మూగిన చుట్టాలు, అందరి కళ్ళూ అంకెల మీద. ఆవిడ గుండె జారిపోయింది. లేచింది.

వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. ఒక చల్లని చెయ్యి నుదుటి మీద పడ్డాకే మెకానిక్ తలెత్తాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా? నాకెందుకు చెప్పలేదు?" అంది అమ్మ.

అతను పట్టీలతోనే ఆవిడ నడుము పట్టుకున్నాడు. గొట్టాలు లాగేసరికి మిషన్లు నేల మీద పడ్డాయి. "నాకేం కాలేదమ్మా. ఇదంతా నువ్వు పడిపోతావనే. నువ్వు లేస్తే మోగేలా గంట పెడదామని."

అమ్మ అతని భుజం మీద ఆనుకుంది. "నేను పడితే లేచాకే కదా పడతాను? లేచాక మోగి ఏం లాభం? ముందే మోగేది పెట్టు."

"నువ్వు లేవబోతున్నావని దానికి ముందే ఎలా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుస్తుందిగా. నేనే నొక్కుతాను."

"మరి ఇన్నాళ్ళూ మమ్మల్ని పిలవొచ్చుగా?"

"పనిలో ఉన్నవాళ్ళని గొంతెత్తి పిలవాలంటే నాకు మొహమాటంరా. గంటయితే మర్యాదగా ఉంటుంది."

అతను పనిముట్ల సంచీ తెరిచాడు. ఏదో లిఫ్టులోంచి తీసేసిన పాత బటన్ అడుగున పడి ఉంది. సాయంత్రానికల్లా అది కుర్చీ చేతికి ఎక్కింది.

మర్నాడు పొద్దున గంట మోగింది. మెకానిక్, అతని భార్య చెరో గదిలోంచీ పరిగెత్తుకొచ్చారు.

"లేవాలా అమ్మా?"

"లేదు. పని చేస్తుందా లేదా అని చూశాను" అంది అమ్మ తృప్తిగా. మధ్యాహ్నందాకా అలా చూస్తూనే ఉంది.

బీపీ మిషన్లను ఎవరూ తిరిగి అడగలేదు. ఆ గంట పుణ్యమా అని వాటి అవసరం ఆ ఇంటికి అప్పుడే మొదలైంది.